దీపస్తంభాన్ని గచ్చుకి బిగించడం: మూడు ఆదివారాల పని

రాజోలు దగ్గర మా పెరట్లో రాతి దీపస్తంభం నిలబెట్టి మూడు నెలలైంది. ఎత్తు నాలుగడుగులు, అడుగున ఎనిమిదంగుళాల చదరం. గ్రానైట్ ఘనపు మీటరు సుమారు 2,700 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన చెక్కుడులో పోయింది తీసేసినా ఇది వంద కిలోల పైమాటే. ఇంత బరువుకి బిగింపెందుకులే అని వదిలేశాను. మొన్న మా దూడ వచ్చి దానికి మెడ రుద్దుకుంటుంటే స్తంభం ఊగింది. మనవరాలు ఆడుకునేదీ అక్కడే. ఇక టెన్షన్ పట్టుకుంది.

మొదటి ఆదివారం పని పూర్తిగా దండగ. గచ్చు కాంక్రీటు అయిదంగుళాల మందం. అడుగున నల్లరేగడి, ఎండాకాలం నెర్రెలిస్తుంది కాబట్టి బీటలకి దూరంగా చోటు చూసి, మూడున్నర అంగుళాల లోతున రెండు రంధ్రాలు వేశాను. స్తంభాన్ని గచ్చుకి కలిపే 12 ఎం.ఎం. రాడ్లు దింపి సిమెంటు పాలు పోశాను. మూడో రోజు పట్టకారుతో లాగితే ముల్లంగి పీకినట్టు వచ్చేసింది! చుట్టూ అంటుకున్నది సిమెంటు కాదు, తడిసిన దుమ్ము ముద్ద.

తాపీమేస్త్రీ చూసి నవ్వాడు. "ముందు దుమ్ము తియ్యండి బాబూ, అతికించే సంగతి తర్వాత."

రెండో ఆదివారం పక్కన కొత్తగా 14 ఎం.ఎం. బిట్‌తో వేశాను. సైకిల్ పంపు గొట్టం అడుగుదాకా దింపి ఊదడం, పాలసీసా బ్రష్ తిప్పడం, మళ్లీ ఊదడం. నాలుగుసార్లు చేస్తే గానీ పొడి రావడం ఆగలేదు. ఈసారి కెమికల్ యాంకర్ ట్యూబు, అంటే రెండు భాగాలు ట్యూబు ముక్కులో (నాజిల్) కలిసి గట్టిపడే జిగురు. మొదట వచ్చేది రెండు రంగులుగా ఉంటుంది, ఒకే రంగయ్యేదాకా పారేయాలి. తర్వాత అడుగు నుంచి పైకి మూడింట రెండొంతులు నింపి, రాడ్‌ని తిప్పుతూ దింపాను. మన ఎండకి నిమిషాల్లోనే బిగుసుకుంటుంది, అప్పుడు టీ తాగడానికి వెళ్లకూడదు.

రాడ్లు స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకున్నాను. ఇక్కడి ఉప్పుగాలికి గేటు బందులే పొరలుపొరలుగా లేస్తున్నాయి. మామూలు ఇనుము లోపల తుప్పుపట్టి ఉబ్బితే రాయి పగులుతుంది.

స్తంభాన్ని గోనెసంచుల మీద పడుకోబెట్టి అడుగున 16 ఎం.ఎం. రంధ్రాలు వేశాను. రాతికి డ్రిల్లు సుత్తిలా కొట్టే హ్యామర్ మోడ్ వద్దు. డైమండ్ బిట్, నీళ్లు, ఓపిక. ఫ్రిజ్ అట్టపెట్టె ముక్క మీద రాడ్ల గుర్తులు దించి, దాన్నే రాతి అడుక్కి పెట్టాను. అట్టని తిరగేయాలని మర్చిపోయి ఉంటే కుడిది ఎడమైపోయేది. మా ఆవిడ పట్టుకుంది. "ఏవండీ, ఇది అద్దంలో చూసినట్టు కదా?"

మూడో ఆదివారం మూడు సరుగుడు కర్రలు ముక్కాలిలా కట్టి చెయిన్ పుల్లీ వేలాడదీశాం. దింపే ముందు రాతి రంధ్రాలనీ ఊది, గచ్చు నుంచి పైకొచ్చిన రాడ్లకి నిదానంగా బిగిసే ఎపాక్సీ జిగురు దట్టంగా పూశాను. రాయి కింద నాలుగు మూలలా మూడు ఎం.ఎం. ప్లాస్టిక్ ముక్కలు పెట్టి, లెవెల్ చూసి వదిలాం. మర్నాడు చుట్టూ సిలికాన్ పెట్టాను గానీ, వెనకవైపు అంగుళం ఖాళీ వదిలాను. వానకి లోపల చేరిన నీరు బయటికి పోవాలి కదా.

దూడ మళ్లీ వచ్చి రుద్దుకుంది. కదల్లేదు. సగం మిగిలిన ట్యూబు మాత్రం ముక్కులోనే రాయైపోయింది, విడి ముక్కు ఒకటి ముందే కొనుండాల్సింది.