తుంటి ఎముక విరిగినప్పుడు బీమా: ఏది వచ్చింది, ఎక్కడ కోత పడింది

అమ్మకు అరవై ఆరేళ్లు. బాత్రూమ్‌లో జారి పడి తుంటి ఎముక మెడ దగ్గర విరిగింది. సగం కీలు మార్చాలని ఎముకల డాక్టరు చెప్పారు. మా దగ్గర ఉన్నది 5 లక్షల ఆరోగ్య సంజీవని అనే ఆరోగ్య బీమా పాలసీ, అదీ రెండో ఏడాదిలో. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఈ పాలసీని ఏ కంపెనీ అమ్మినా నిబంధనలు ఒకటే కాబట్టి ఇక్కడి అంకెలు చాలామందికి నేరుగా పనికొస్తాయి. వేరే పాలసీ ఉన్నవాళ్లకు అంకెలు మారొచ్చు కానీ క్లెయిమ్ నడిచే దారి దాదాపు ఇదే.

ఆసుపత్రిలో చేర్చగానే నేను మొదట చూసుకున్నది వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక డబ్బు రాకుండా ఆగాల్సిన కాలం. పాలసీ తీసుకున్న తొలి 30 రోజుల్లో జబ్బుకు చికిత్స చేయించుకుంటే డబ్బు రాదు, ప్రమాదంలో తగిలిన గాయానికైతే మొదటి రోజు నుంచే వస్తుంది. కీళ్ల మార్పిడి, వయసుతో వచ్చే ఎముకల బలహీనత లాంటివాటికి మరో ఆంక్ష ఉంటుంది. అవి పాలసీని బట్టి రెండేళ్లు, మూడేళ్లు ఆగాల్సిన జాబితాలో ఉంటాయి. అమ్మకు చేస్తున్నది కీలు మార్పిడే, పాలసీకి ఇంకా రెండేళ్లు నిండలేదు. పైపైన చూస్తే తిరస్కరించడానికి ఇది చాలు. అయితే అదే నిబంధన కింద, ప్రమాదం వల్ల అవసరమైన చికిత్సకు ఈ ఆగడం వర్తించదని స్పష్టంగా ఉంది. క్లెయిమ్ మొత్తం ఆ ఒక్క వాక్యం మీద నిలబడింది.

అందుకే క్యాష్‌లెస్ (కంపెనీయే నేరుగా ఆసుపత్రికి చెల్లించే పద్ధతి) ఫారం నింపేటప్పుడు పక్కనే ఉండాలి. అందులో డాక్టరు నింపే భాగంలో గాయం ఎలా అయింది, ఏ తేదీన అయింది, రోడ్డు ప్రమాదమా, పోలీసులకు తెలిపారా, మద్యం ప్రభావం ఉందా అన్న గళ్లు ఉంటాయి. సాధారణంగా డ్యూటీ డాక్టరు హడావిడిలో ‘తుంటి నొప్పి, కీలు మార్పిడి’ అని రాసి పంపేస్తారు. అలా వెళ్తే టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) నుంచి ‘ఎముకల బలహీనత ఎన్నేళ్లుగా ఉంది?’ అన్న ప్రశ్న తప్పదు. మాకూ అదే వచ్చింది. ఆపరేషన్ చేసే డాక్టరు లెటర్‌హెడ్ మీద నాలుగు విషయాలు రాసిచ్చారు: పడిన తేదీ సమయాలు, తడి నేల మీద జారి పడటం, ఎక్స్‌రేలో కనిపించిన కొత్త విరుపు, పడక ముందు ఆమె ఎవరి సాయం లేకుండా నడిచేవారన్న సంగతి. దాంతో ఆమోదం వచ్చింది. జరిగింది జరిగినట్టే రాయించాలి. ఇంతకు ముందు ఎముకల చికిత్స తీసుకుని ఉంటే దాచకూడదు. పాత మందుల చీటీ ఒక్కటి బయటపడినా విషయం దాచారన్న కారణంతో క్లెయిమ్ మొత్తం పోవచ్చు.

రోడ్డు ప్రమాదమైతే ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు) నమోదు తప్పనిసరిగా అడగండి. ఆ కాపీ, ఎఫ్ఐఆర్ ఉంటే దాని కాపీ క్లెయిమ్‌కు జతచేయాలి. బీమా ఉన్నా లేకపోయినా, 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేని చికిత్స ఉంది. చాలామందికి ఇది తెలియక సొంత పాలసీ మొత్తాన్నే ఖర్చు పెట్టేస్తున్నారు.

2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన అందిన గంటలో కంపెనీ నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి బిల్లు వెళ్లాక 3 గంటల్లో తుది ఆమోదం ఇవ్వాలి. ఆ గడువు దాటడం వల్ల ఆసుపత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే అది కంపెనీయే కట్టాలి. ఆచరణలో ఆలస్యం ఎక్కువగా ప్రశ్నల దగ్గరే జరుగుతుంది. కాబట్టి ఎక్స్‌రే రిపోర్టు, ఆధార్, పాలసీ కాపీ, డాక్టరు లేఖ మొదటి ఫారంతోనే వెళ్లేలా చూడాలి. హఠాత్తుగా చేరిన కేసులో 24 గంటల్లోపు కంపెనీకి తెలియజేయాలని ఈ పాలసీ చెబుతుంది. ఇన్సూరెన్స్ డెస్క్ వాళ్లు పంపుతామన్నా సరే, నేను విడిగా కంపెనీకి మెయిల్ పెట్టి క్లెయిమ్ నంబరు తీసుకున్నాను.

ఇక గది. అందరూ తేలిగ్గా తీసుకునేదీ, డబ్బు ఎక్కువగా పోయేదీ ఇక్కడే. ఈ పాలసీలో గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, రోజుకు 5,000 మించకూడదు. ఐసీయూకి 5 శాతం, 10,000 మించకూడదు. రోజుకు 8,000 గదిలో చేరితే తేడా 3,000 మనమే కట్టుకుంటే సరిపోతుందని అనుకుంటారు. అలా జరగదు. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్ ఛార్జీల్లాంటివి కూడా 5,000కూ 8,000కూ ఉన్న నిష్పత్తిలో తగ్గిస్తారు. అవన్నీ కలిపి 1,20,000 అయితే వచ్చేది 75,000. అయిదు రోజులుంటే గది తేడా 15,000, దాని మీద ఇంకో 45,000 జేబులోంచి పోతుంది. మేము పరిమితి లోపలే ఇద్దరుండే గది అడిగి తీసుకున్నాం.

ఒకవేళ పరిమితి దాటిన గదిలో చేరాల్సి వచ్చినా, 2020లో ఐఆర్‌డీఏఐ చెప్పిన ఒక మాట గుర్తుపెట్టుకోండి. మందులు, వాడి పడేసే వస్తువులు, శరీరంలో అమర్చే పరికరాలు, పరీక్షలు: వీటి మీద ఆ నిష్పత్తి కోత పెట్టకూడదు. ఐసీయూ ఛార్జీల మీదా పెట్టకూడదు. తుంటి కీలు ఆపరేషన్‌లో అమర్చే కీలు ఖరీదే పెద్ద వాటా కాబట్టి ఈ నియమం వేల రూపాయల విషయం. సెటిల్‌మెంట్ షీట్‌లో ఫార్మసీ వరుసకో ఇంప్లాంట్ వరుసకో ఎదురుగా ‘ప్రపోర్షనేట్’ (నిష్పత్తి కోత) అని కనిపిస్తే వెంటనే రాతపూర్వకంగా అడగాలి.

ఆసుపత్రిలో ఉన్నంతకాలం మందుల బిల్లు రోజూ తీసుకుని చూడటం మేలు. బీమా చెల్లించని వస్తువుల జాబితా ఒకటుంది, అందులో 68 అంశాలు. గాయాల కేసులో వాడేవి అందులోనే ఎక్కువ కనిపిస్తాయి: క్రేప్ బ్యాండేజీ, చేతికి కట్టే స్లింగ్, స్ప్లింటు, మెడకు కాలర్, మోకాలి బ్రేస్, నడుము బెల్టు, వాకర్, గాలి పరుపు, డైపర్లు, గ్లౌజులు, మాస్కులు, ప్రత్యేక నర్సు ఖర్చు. కాలు విరిగినవాళ్లకు వాకర్ లేకుండా అడుగు పడదు, అయినా చెల్లించరు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది, కానీ మామూలు పాలసీలో దానికి దారి లేదు. ఈ వస్తువుల ఖర్చు కూడా ఇచ్చే అదనపు కవర్‌ను కొన్ని కంపెనీలు కొంచెం ఎక్కువ ప్రీమియంతో అమ్ముతున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే తీసుకోదగ్గదే.

ఈ 68 కాక మరో మూడు జాబితాలున్నాయి. గది అద్దెలో కలిసిపోయేవి ఒకటి: దుప్పటి, బెడ్‌పాన్, ఇంజెక్షన్ వేసినందుకు ఛార్జీ, ఫైలు ఛార్జీ, పల్స్ ఆక్సీమీటర్, ఏసీ. ఆపరేషన్ ఛార్జీలో కలిసిపోయేవి రెండోది: దూది, గాజుగుడ్డ, సర్జికల్ టేపు, బ్లేడ్లు, ఎముకకు వాడే డ్రిల్లు, ఎక్స్‌రే ఫిల్ము. చికిత్స ఖర్చులో కలిసిపోయేవి మూడోది: రిజిస్ట్రేషన్ ఛార్జీ, యూరిన్ బ్యాగు, ఇన్ఫ్యూజన్ పంపు, స్పిరిట్ వగైరా. వీటిని ఆసుపత్రి విడిగా రాస్తే బీమా కంపెనీ కొట్టేస్తుంది, ఆ మొత్తాన్ని ఆసుపత్రి మన చేత కట్టిస్తుంది. అసలు అవి గది అద్దెలోనో థియేటర్ ఛార్జీలోనో కలిసి ఉండాల్సినవి. తుది ఆమోదం రాగానే కోతల షీట్ అడిగి, బిల్లింగ్ కౌంటర్లో ఒక్కో వరుస చూపించి, ఇవి విడిగా ఎలా వేశారని అడిగాను. చాలావరకు తీసేశారు. డబ్బు కట్టి బయటికి వచ్చాక ఈ బేరం కుదరదు.

‘ఆర్థో కిట్’ అన్న వరుసనూ జాగ్రత్తగా చూడండి. లోపల ఏముందో రాయని ఏ కిట్‌నైనా పూర్తిగా తిరస్కరిస్తారు. కిట్ విప్పి, కుట్లు వేసే దారం ఎన్ని, డ్రేప్ (ఆపరేషన్‌లో కప్పే గుడ్డ) ఎన్ని, ఒక్కోదాని ధర ఎంత అని విడివిడిగా రాయించుకుంటే, అందులో చెల్లించదగ్గవాటికి డబ్బు వస్తుంది. అలాగే అమర్చిన కీలు మీది స్టిక్కర్, దాని ఇన్‌వాయిస్ రెండూ క్లెయిమ్ పత్రాల్లో ఉండాలి. స్టిక్కర్ కేస్ షీట్‌కు అంటించి ఉంటుంది, దాని కాపీ ఇవ్వమని డిశ్చార్జికి ముందే చెప్పాలి.

వీటన్నిటి తర్వాత కూడా ఈ పాలసీలో ఒప్పుకున్న మొత్తం మీద 5 శాతం మనం కట్టాల్సిందే. అందులో వాదించడానికి ఏమీ లేదు.

ఇంటికొచ్చాక వాడే మందుల సంగతి చాలామంది వదిలేస్తారు. చేరడానికి ముందు 30 రోజులు, డిశ్చార్జి తర్వాత 60 రోజులు ఇదే గాయానికి అయిన ఖర్చు వస్తుంది. పడిన రోజు వేరే చోట తీయించిన ఎక్స్‌రే, అక్కడి డాక్టరు ఫీజు ముందరి 30 రోజుల కిందికి వస్తాయి. తర్వాతి 60 రోజుల్లో తుంటి ఆపరేషన్ అయినవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు, యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు, కాల్షియం, విటమిన్ డీ3, డ్రెస్సింగ్, కుట్లు తీసే ఖర్చు, మళ్లీ చూపించుకున్న ఫీజు, ఎక్స్‌రే ఉంటాయి. ఫిజియోథెరపీ కూడా చికిత్స చేసిన డాక్టరు ఎన్ని సిటింగులో రాసిస్తే చాలా పాలసీల్లో వస్తుంది. చీటీ లేకుండా ఇంటికి పిలిపించుకున్న ఫిజియోథెరపిస్టు ఫీజు రాదు.

మా క్లెయిమ్‌లో కాల్షియం, డీ3 ఖర్చును ‘విటమిన్లు, పోషకాలు’ అని కొట్టేశారు. నిబంధనలో ఉన్నదేమిటంటే, చీటీ లేకుండా కొనే విటమిన్లకు డబ్బు ఇవ్వరు. ఆసుపత్రిలో చేరిన చికిత్సలో భాగంగా డాక్టరు రాస్తే ఇవ్వాలి. డిశ్చార్జి సమ్మరీలో మందుల పేర్లు, మోతాదు, ఎన్ని వారాలు అన్నీ ఉన్నాయి. ఆ పేజీ, నిబంధన ఉన్న పేజీ జతచేసి మెయిల్ పెట్టాక ఆ మొత్తం జమ చేశారు. ప్రొటీన్ పొడి మాత్రం చీటీలో లేదు కాబట్టి దాన్ని అడగలేదు.

మందుల షాపు బిల్లు విషయంలో గట్టిగా ఉండాలి. దాని మీద రోగి పేరు, డాక్టరు పేరు, తేదీ, మందు పేరు, బ్యాచ్ నంబరు, షాపు లైసెన్సు నంబరు, జీఎస్టీ నంబరు ఉండాలి. తెల్ల కాగితం మీద రాసిచ్చిన అంచనా చీటీ చెల్లదు. నెల మందులు ఒకేసారి కొన్నా ఫర్వాలేదు కానీ చీటీలో ఉన్న రోజులకు మించి కొంటే మించినంత కోసేస్తారు. చీటీ తేదీ బిల్లు తేదీ కంటే ముందుండాలి. ఎముకల బలం కోసం నెలల తరబడి రోజూ వేసుకునే టెరిపారటైడ్ ఇంజెక్షన్ లాంటివి రాస్తే, 60 రోజులు దాటాక అయ్యే ఖర్చు రాదు. ఆ లోపల కూడా అది గాయానికి కాక ఎముకల బలహీనతకు వాడే మందని ఆపే అవకాశం ఉంది. ఆ ఖర్చును ముందే విడిగా లెక్కేసుకోండి.

ఈ మందుల బిల్లులన్నీ రీయింబర్స్‌మెంట్‌లోనే (ముందు మనం కట్టి తర్వాత రాబట్టుకునే పద్ధతి) వెళ్లాలి. డిశ్చార్జి తర్వాతి చికిత్స ముగిసిన 15 రోజుల్లో పంపాలి. క్లెయిమ్ ఫారంలో ‘A’ భాగం మనం, ‘B’ భాగం ఆసుపత్రి నింపాలి. డిశ్చార్జి సమ్మరీ, తుది బిల్లు, చీటీలు, అసలు బిల్లులు, రిపోర్టులు, రద్దు చేసిన చెక్కు జతచేయాలి. క్లెయిమ్ లక్ష దాటితే కేవైసీ పత్రాలు కూడా. పంపే ముందు ప్రతి కాగితం స్కాన్ చేసి పెట్టుకోండి.

గాయమైనా ఆసుపత్రిలో చేరకపోతే ఈ పాలసీ పనికిరాదు. చెయ్యి విరిగి ఓపీలో కట్టు కట్టించుకుని వచ్చేస్తే, ఓపీ కవర్ లేని పాలసీ రూపాయి ఇవ్వదు. మత్తు ఇచ్చి ఎముక సరిచేసి అదే రోజు పంపేస్తే అది డే కేర్ కిందికి వస్తుంది, దానికి కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలన్న నియమం లేదు.

కోత అన్యాయమనిపిస్తే ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి, ఏ వరుస, ఎంత, ఏ నిబంధన ప్రకారం అని రాయాలి. రెండు వారాల్లో వాళ్లు తేల్చాలి. అక్కడ కుదరకపోతే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసా, లేదా హెల్ప్‌లైన్ 155255. చివరగా బీమా వివాదాలు తేల్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకు ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు వివాదం వింటారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. జవాబే ఇవ్వకపోతే ఫిర్యాదు చేసి నెల ఆగాక వెళ్లొచ్చు. అంబుడ్స్‌మన్ తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయకపోతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మనకు కట్టాలి. క్లెయిమ్ చేశారన్న కారణంతో మరుసటి ఏడాది రెన్యువల్ ఆపడానికి వీల్లేదు. క్లెయిమ్ లేని ఏళ్లకు కలిసే 5 శాతం బోనస్ మాత్రం అంతే మేరకు తగ్గుతుంది.