కడప బండల గదిలో మైకు

కడపలో మామయ్య ఇంట్లో ఆన్‌లైన్ పాఠం రికార్డు చేద్దామని మైకు పరీక్షిస్తే, నా గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. మైకు మంచిదే. నేలంతా నున్నటి కడప బండలు, గోడలేమో ఖాళీ; శబ్దం వాటికి తగిలి తిరిగి మైకులోకే వస్తోంది. అత్తయ్య ఇచ్చిన బొంతలు పరిచి, మైకును నోటికి జానెడు దూరంలో పెట్టాక చాలావరకు తగ్గింది. ఫ్యాను కూడా ఆపాను. కడప ఎండల్లో అది చిన్న త్యాగమేమీ కాదు!

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లను మాత్రం రికార్డింగుకు నమ్మను. వాటి మైకు వాడగానే అవి సాధారణంగా ఫోన్ కాల్ పద్ధతిలోకి మారి, వినిపించే నాణ్యత కూడా పడిపోతుంది. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో ఇన్‌పుట్‌గా వైరు మైకునే ఎంచుకుంటాను. మాట్లాడుతున్నా అక్కడ శబ్దం స్థాయి చూపే గీత కదలకపోతే ప్రైవసీ సెట్టింగుల్లో మైక్రోఫోన్ అనుమతి చూడాలి. బ్రౌజర్‌కు మళ్లీ వేరే అనుమతి! మన మైకుకు ఇంతమంది కాపలాదారులెందుకో.