పిటుఫిక్‌లో ఒక ఏడాది: ధ్రువ ప్రాంతపు సైనిక విధికి వెళ్లే మనవాళ్లకు

గ్రీన్‌లాండ్ వాయవ్య తీరాన ఉన్న పిటుఫిక్ అంతరిక్ష స్థావరానికి బదిలీ ఉత్తర్వు వచ్చిందని తెలియగానే, అమెరికా సైన్యంలో ఉన్న మన పిల్లలు మొదట అడిగేది చలి గురించే. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు అడిగేదీ అదే. గ్రీన్ కార్డుతో అమెరికా వైమానిక దళంలో చేరి, పౌరసత్వం వచ్చిన తరువాత కమ్యూనికేషన్ల విభాగంలో పనిచేస్తూ అక్కడ ఒక విధి కాలం పూర్తి చేసినవాడిగా నేను వారికి చెప్పగలిగేది ఇది: చలి సంగతి స్థావరం చూసుకుంటుంది, ఆ పని అది ఏడు దశాబ్దాలుగా చేస్తూనే ఉంది. చీకటి సంగతి, ఇంటికి దూరంగా ఉండడం సంగతి మాత్రం ఎవరికి వారే చూసుకోవాలి. ఆ సన్నాహం విమానం ఎక్కక ముందే మొదలు కావాలి.

ముందుగా ఆ చోటు ఎక్కడుందో తెలియాలి. పిటుఫిక్ 76 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి, ఆర్కిటిక్ వృత్తానికి సుమారు 1,100 కిలోమీటర్ల ఉత్తరాన ఉంది. అక్కడి నుంచి ఉత్తర ధ్రువం దాదాపు 1,500 కిలోమీటర్లు. 1951లో అమెరికాకూ, గ్రీన్‌లాండ్ మీద అధికారం ఉన్న డెన్మార్క్‌కూ మధ్య కుదిరిన రక్షణ ఒప్పందం ప్రకారం, ఆ ఏడాది వేసవిలోనే ‘బ్లూ జే’ అనే సంకేత నామంతో రహస్యంగా దీన్ని కట్టడం మొదలుపెట్టారు. 2023 ఏప్రిల్ వరకు దీని పేరు థూలే వైమానిక స్థావరం, పాతవాళ్లు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. 2025 మార్చిలో అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్, తెలుగు మూలాలున్న ఆయన భార్య ఉషా వాన్స్ ఇక్కడికి వచ్చినప్పుడు మన పత్రికల్లోనూ ఈ పేరు కనిపించింది. ఒకప్పుడు పదివేల మంది దాకా ఉన్న చోట ఇప్పుడున్న అమెరికా సైనికులు సుమారు 150 మందే. వంటశాల నుంచి విద్యుత్ కేంద్రం దాకా నడిపేది ఎక్కువగా డెన్మార్క్, గ్రీన్‌లాండ్ దేశస్థులైన కాంట్రాక్టు సిబ్బంది. విధి కాలం సాధారణంగా 12 నెలలు. భార్యాబిడ్డలను వెంట తీసుకువెళ్లే వీలు లేదు.

ఇంత దూరంలో ఇంత శ్రమ పడి స్థావరాన్ని ఎందుకు నడుపుతున్నారంటే, రష్యా వైపు నుంచి క్షిపణి ఏదైనా ఉత్తర అమెరికా మీదికి వస్తే దానికి దగ్గరి దారి ధ్రువం మీదుగానే. దాన్ని ముందుగా పసిగట్టే పెద్ద రాడార్ ఇక్కడ ఉంది, అంతరిక్షంలో తిరిగే వస్తువులను కూడా అదే గమనిస్తుంది. 1960 అక్టోబరు 5న, అప్పటికి కొత్తగా పెట్టిన రాడార్, నార్వే వైపు ఉదయిస్తున్న చంద్రుడి మీద తగిలి తిరిగొచ్చిన తరంగాలను చూసి సోవియట్ క్షిపణుల దాడి జరుగుతోందని హెచ్చరించింది. ఆ సమయంలో సోవియట్ అధినేత క్రుశ్చేవ్ న్యూయార్క్‌లోనే ఉన్నాడన్న సంగతి కూడా అధికారులు తొందరపడకుండా ఉండడానికి తోడ్పడింది. తెర ముందు కూర్చునే ఉద్యోగం విసుగ్గా అనిపించిన రోజు నేను ఈ సంగతి తలచుకునేవాడిని. ఏమీ జరగని రాత్రిని ఏమీ జరగలేదని సరిగ్గా చెప్పగలగడమే అక్కడి ఉద్యోగం.

చలి విషయానికి వస్తే, శీతకాలంలో మైనస్ 25, మైనస్ 30 డిగ్రీలు మామూలు, ఒక్కోసారి మైనస్ 40కి కూడా వెళుతుంది. గాలి తోడై ఒంటికి తగిలే చలి మైనస్ 40 దాటితే, కప్పని చర్మం పది నిమిషాల లోపే గడ్డకట్టవచ్చు. అయితే దళసరి కోటు, బూట్లు, చేతి తొడుగులు, ముఖం కప్పే ముసుగు అన్నీ ప్రభుత్వమే ఇస్తుంది, వాటిని వేసుకునే పద్ధతి కూడా నేర్పుతారు. సొంత డబ్బుతో కొనుక్కోవలసింది పలుచని ఊలు లోదుస్తులు, ఒంటికి రాసుకునే మంచి నూనె లేదా క్రీమ్. గాలిలో తేమ బొత్తిగా ఉండదు కాబట్టి చర్మం పగులుతుంది, ముక్కు నుంచి రక్తం రావడం కూడా కొత్తవాళ్లలో కనిపిస్తుంది. నేల అడుగున మట్టి ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది గనుక భవనాల వేడికి అది కరగకుండా చాలా కట్టడాలను నేలకు ఎడంగా లేపి కట్టారు. నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు భూమి మీదే పోతాయి. రన్‌వేకు తెల్లరంగు వేసింది కూడా ఎండ వేడిని అది పీల్చుకోకుండా ఉండడానికే. బయట నిలిపిన ప్రతి వాహనం ఇంజిన్‌కూ కరెంటు తీగ తగిలించి వెచ్చగా ఉంచాలి.

నిజంగా భయపడవలసింది గాలికి. గ్రీన్‌లాండ్ మంచు పీఠభూమి అంచు స్థావరానికి దగ్గరలోనే ఉంది. ఆ ఎత్తైన మంచు మీద చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట కిందికి జారి, కొండల మధ్య ఇరుకు దారుల్లో వేగం పుంజుకుని తీరం మీద పడుతుంది. 1972 మార్చి 8న ఇక్కడ గాలి వేగం గంటకు 333 కిలోమీటర్లుగా నమోదైంది. 2014లో హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు వీచిన గాలి సుమారు 180 కిలోమీటర్లని గుర్తు చేసుకుంటే ఆ అంకె ఎంతటిదో తెలుస్తుంది. అంతటి గాలి అరుదే గానీ, తుపాను కాలం మాత్రం సెప్టెంబరు మధ్య నుంచి మే మధ్య దాకా ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న గంటలోనే ఎదుటి మనిషి కనబడనంత మంచు దుమారం లేవవచ్చు. అందుకే తుపాను తీవ్రతను ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా అని స్థాయిలుగా ప్రకటిస్తారు. స్థాయి పెరిగేకొద్దీ ప్రయాణాలు తగ్గించి, ఒంటరిగా తిరగడం మాన్పించి, చివరికి ఎవరు ఏ భవనంలో ఉంటే అక్కడే ఉండిపోవాలని ఆదేశిస్తారు. భోజనశాలలో ఉన్నవాడు అక్కడే పడుకోవాలి. రాడార్ కేంద్రం స్థావరానికి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి, అక్కడి షిఫ్టు వాళ్లు తమ తరువాతి వాళ్లు వచ్చేదాకా పని కొనసాగించాలి. ఆ దారి పొడవునా చిక్కుకున్నవారు తలదాచుకోవడానికి చిన్న గదులు కట్టి, వాటిలో ఆహారం, ఫోను ఉంచారు. పైన చెప్పిన రికార్డు గాలిని కొలిచింది అలాంటి ఒక గది దగ్గరే. ఈ నియమాలను అతి జాగ్రత్తగా భావించి తోసిపుచ్చేవారు అక్కడ లేరు. ఎదుటి భవనం వంద అడుగులే కదా అనుకునే చొరవ ఉన్నవారు ఆ చొరవను దక్షిణాననే వదిలి రావాలి.

ఇక చీకటి. నవంబరు మొదట్లో అస్తమించిన సూర్యుడు మళ్లీ కనబడేది ఫిబ్రవరి మధ్యలోనే. మొదటి వారాల్లో మధ్యాహ్నం పూట దక్షిణాన నీలి వెలుగు కాసేపు ఉంటుంది, డిసెంబరుకు అదీ దాదాపు పోతుంది. ఇందులో దిగులు కలిగించేది చీకటి రంగు కాదు, గంటలకు గుర్తులు లేకపోవడం. నిద్ర ఎప్పుడు పట్టాలో ఒంటికి తెలియదు. కొందరు అర్ధరాత్రి దాటాక కూడా కంప్యూటర్ ముందు కూర్చుని, సెలవు రోజున మధ్యాహ్నం దాకా పడుకుని, మూడు నాలుగు వారాల్లో పగలూ రాత్రీ తలకిందులు చేసుకుంటారు. తరువాత భోజనశాలకు రావడం మానేస్తారు, చిన్న మాటకు కోపం తెచ్చుకుంటారు, పైఅధికారి పిలిచేదాకా గది దాటరు. అది బలహీనత కాదు, వెలుగు లేనప్పుడు ఏ శరీరమైనా చేసేదే. మా నాన్నగారు కొత్తగూడెంలో సింగరేణి భూగర్భ గనిలో ఏళ్ల తరబడి షిఫ్టులు చేసిన మనిషి. చలికాలంలో పొద్దు పొడవక ముందే గనిలో దిగినవాడికి ఎండ ముఖం చూడడానికి ఎంత తక్కువ వేళ మిగులుతుందో ఆయనకు తెలుసు. నేను బయలుదేరేటప్పుడు ఆయన చెప్పింది ఒక్కటే: “పొద్దున లేచే గంట మార్చకు, సెలవైనా సరే. లేవగానే స్నానం చేసి బట్టలు మార్చుకో.” అక్కడి వైద్య సిబ్బంది, అంతకుముందు ఆ చీకటిని చూసినవాళ్లు ఇచ్చే సలహా కూడా ఇదే. పొద్దున్నే ప్రకాశవంతమైన దీపం ముందు కూర్చోవడం, విటమిన్ డి మాత్రలు, వారంలో ఇన్నిసార్లని జిమ్‌కు వెళ్లడం, ఒక్కపూటైనా నలుగురితో కలిసి తినడం తప్పనిసరి చేసుకోవాలి. కొత్తగా నేర్చుకునేది ఒకటి వెంట ఉండాలి: చదువు కావచ్చు, సంగీతం కావచ్చు. పరీక్ష తేదీ ఉన్న చదువైతే మరీ మంచిది, ఎందుకంటే ముందున్న తేదీ ఆ మూడు నెలలకు ఒక దిశ ఇస్తుంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు దాకా దీనికి పూర్తి విరుద్ధం. సూర్యుడు అసలు దిగడు, కిటికీకి దళసరి పరదా లేకపోతే నిద్ర రాదు.

తిండి విషయంలో భయం అక్కరలేదు. బరువైన సరుకంతా వేసవిలో సముద్రం తెరుచుకున్న కొద్ది వారాల్లో ఓడల మీద వస్తుంది, మంచును పగలగొట్టే ఓడ ముందు నడిచి దారి చేస్తుంది. పళ్లు, కూరగాయలు విమానంలో వస్తాయి, వాతావరణం బాగాలేకపోతే ఆగుతాయి. శాకాహారులు బతకగలరు గానీ, అన్నం, ఉడికించిన పప్పుధాన్యాలు, బంగాళాదుంపలతో రోజులు గడుపుతారు. అందుకే కందిపొడి, కరివేపాకు పొడి, ఎండు మిరపకాయలు పొట్లాల్లో తీసుకెళ్లమంటాను. సైనిక తపాలా ద్వారా అమెరికాలోని బంధువులు పంపే పార్సెళ్లు అందుతాయి, కానీ పండుగకు చేరాలంటే చాలా ముందే పంపాలి.

వైద్యశాల చిన్నది. పెద్ద జబ్బు చేస్తే విమానంలో తరలించాలి, ఆ విమానం గాలి అనుమతిస్తేనే దిగుతుంది. కాబట్టి వెళ్లే ముందు చేసే వైద్య పరీక్షల్లో ఏదీ దాచకూడదు. పంటి నొప్పిని వాయిదా వేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. అనుమానం ఉన్న పన్నుకు అమెరికాలోనే చికిత్స చేయించుకుని వెళ్లాలి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. శీతకాలంలో పిటుఫిక్ గడియారం మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ ఉదయం ఏడయితే మనకు సాయంత్రం నాలుగున్నర. ఆ వేళ ఇద్దరికీ అనుకూలం. వారానికి రెండు రోజులు నిర్ణయించుకుని మాట్లాడండి. ఫోను రాకపోతే తుపాను వల్ల సంబంధం తెగి ఉంటుందని ముందు అనుకోండి. ఇంట్లో జ్వరాలు, ఆస్తి తగాదాలు దాచమని నేను అనను, దాచితే గొంతులోనే తెలిసిపోతుంది. కాకపోతే ఆ సమస్య దగ్గర ఎవరు నిలబడి ఉన్నారో కూడా చెప్పండి. వెళ్లే పిల్లలు కూడా బ్యాంకు లావాదేవీలు, ఆసుపత్రి నిర్ణయాలు ఎవరు చూడాలో కాగితం మీద రాసి, అవసరమైన అధికార పత్రాలు ఇచ్చి బయలుదేరాలి.

ఆ నేల ఎవరిదో కూడా తెలిసి వెళ్లాలి. స్థావరం పక్కన, బల్లపరుపు శిఖరం ఉన్న డండాస్ కొండ దిగువన ఇనుహుయిట్ అనే స్థానిక తెగ వేటగాళ్ల కుటుంబాలు ఉండేవి. 1953లో స్థావరం విస్తరణ కోసం వారిని కొద్ది రోజుల గడువుతో ఖాళీ చేయించారు. వారు వంద కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉన్న కానాక్‌కు వెళ్లి బతుకు మళ్లీ మొదలుపెట్టారు. డెన్మార్క్ ప్రధాని క్షమాపణ చెప్పింది 1999లో. 2003లో ఆ దేశ సుప్రీంకోర్టు పరిహారాన్ని ఖాయం చేసింది గానీ తిరిగి వెళ్లే హక్కు ఇవ్వలేదు. 1968 జనవరి 21న నాలుగు హైడ్రోజన్ బాంబులతో ఉన్న బి-52 విమానం దగ్గరి సముద్రపు మంచు మీద కూలి, రేడియోధార్మిక పదార్థం చిందింది. ఆ మంచును ఎత్తి శుభ్రం చేసిన వారిలో డెన్మార్క్ కార్మికులు ఎందరో ఉన్నారు. పోలవరం ముంపు గ్రామాలవాళ్లు ఇళ్లు వదలడం చూసిన ప్రాంతం నుంచి వెళ్లిన నాకు కానాక్ కథ పరాయిదిగా అనిపించలేదు. మన పక్కన కూర్చుని భోంచేసే గ్రీన్‌లాండ్ ఉద్యోగి తాత ఆ కొండ కింద పుట్టినవాడు కావచ్చు. మాటలోనూ, నడవడిలోనూ ఆ ఎరుక ఉండాలి.

తిరుగు ప్రయాణం గురించి కూడా ముందే ఆలోచించాలి. ఇలాంటి దూరపు విధి చేసినవారికి తరువాతి బదిలీలో కోరిన చోటు అడిగే అవకాశం ఉంటుంది కాబట్టి, దరఖాస్తు గడువులను అక్కడికి చేరిన తొలి నెలలోనే తెలుసుకుని రాసిపెట్టుకోవాలి. అమెరికాలోని బాల్టిమోర్‌కు వచ్చే విమానం గాలి వల్ల ఆగిపోవడం అక్కడ సర్వసాధారణం. విధి ముగిసే తేదీ చూసుకుని, ఆ మరుసటి వారంలోనే ఊళ్లో పెళ్లి ముహూర్తం పెట్టించకండి. మధ్యలో కనీసం ఒక నెల ఉంచండి.