మతం కాలమ్‌లో ఏం రాయాలి?

బీఈడీ అయిపోయి ఇంట్లో కూర్చుని డీఎస్సీకి చదువుకునే అమ్మాయిని చుట్టాలు మామూలుగా రెండే అడుగుతారు: నోటిఫికేషన్ ఎప్పుడు, పెళ్లెప్పుడు. నన్ను మూడోది కూడా అడిగేవాళ్లు. "నీ సర్టిఫికెట్ ఎస్సీయా, బీసీ-సీయా?" మాలాంటి ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ ప్రశ్న గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తాను.

మాది ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ పక్కన ఒక పల్లె. మాదిగలం, బాప్టిస్టులం. మా వైపు ఈ రెండూ తరతరాలుగా కలిసే ఉన్నాయి. కాగితం మీద మాత్రం ఒకటి ఉంటే రెండోది ఉండకూడదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ అనిపించుకోవాలంటే హిందువై ఉండాలి. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో 1970 నుంచి మాలాంటి వాళ్లకు బీసీ-సీ అని వేరే గ్రూపు ఉంది. దానికి 1 శాతం రిజర్వేషన్. ఎస్సీలకు 15. వంద పోస్టుల్లో ఒకటి అంటే వినడానికి బాగానే ఉంటుంది గానీ, ప్రతి జిల్లాలో ప్రతి సబ్జెక్టుకూ వంద పోస్టులు పడతాయా? స్కాలర్‌షిప్‌ల దగ్గర 1977 నాటి 341 జీవో మమ్మల్ని ఎస్సీలతో సమానంగా చూసింది. చదువుకునేటప్పుడు ఒక కులం, ఉద్యోగం అడిగేటప్పుడు ఇంకో కులం.

అమ్మ తరఫు వాళ్లందరికీ ఎస్సీ సర్టిఫికెట్లే. చిన్నప్పుడు బడిలో హెడ్‌మాస్టర్ ఎవరినీ అడక్కుండా "హిందూ" అని రాసుకున్నాడు, అదే నిలిచిపోయింది. నాన్న సంగతి వేరు. తాతయ్య మిషన్ బడిలో పంతులు. కొడుకుని బళ్లో వేసినప్పుడు తన చేత్తోనే "క్రిస్టియన్" అని రాశాడు. ఆ ఒక్క మాట మా ఇంటి ఉద్యోగాలన్నిటినీ మింగేసిందని మామయ్య నవ్వుతూనే అంటాడు. నాన్న చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. మామయ్యది గవర్నమెంటు ఉద్యోగం. ఆదివారం ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

నా దగ్గరున్నది పాత సర్టిఫికెట్. డీఎస్సీకి కొత్తది కావాలని సచివాలయంలో అప్లికేషన్ పెట్టాను. టెన్త్ మెమో, రేషన్ కార్డు, నాన్న సర్టిఫికెట్ జిరాక్సు జతచేశాను. విచారణకు వచ్చిన ఆయన పాస్టరుగారి లెటరు, బాప్తిస్మం సర్టిఫికెట్ కూడా కావాలన్నాడు. తెచ్చిచ్చాక ఆయన అడిగిన మాట నాకు ఇంకా గుర్తుంది. "రెగ్యులర్‌గా చర్చికి ఎల్తావామ్మా?"

నిజం చెప్పాలంటే, వెళ్లను. ఇంటర్ సెలవుల్లో నేనే అడిగి బాప్తిస్మం తీసుకున్నాను. మునిగి లేచినప్పుడు ఏడ్చాను కూడా. డిగ్రీలో హాస్టల్‌కు వెళ్లాక ఎక్కడో సడలింది. జువాలజీ చదవడం వల్ల అని అమ్మ అనుమానం. కాదు. ఊరిచివర మందిరానికి, పెద్దింటి క్రిస్టియన్లు పట్నంలో కట్టించుకున్న మందిరానికి మధ్య పెళ్లి సంబంధాలు ఎందుకు కలవవో అడిగితే సండే స్కూల్ టీచరు దగ్గర జవాబు లేకపోయింది. దాని తర్వాత ప్రార్థన చేస్తుంటే మనసు పక్కకి పోయేది. అలాంటి నేను ఆయన ముందు నిలబడి "వెళ్తానండీ" అన్నాను. పక్కనే ఉన్న నాన్న నా మొహం చూడలేదు. నెలల తరబడి నన్ను చర్చికి రమ్మని పిలిచి అలిసిపోయిన మనిషి ఆయన.

సర్టిఫికెట్ ఇంకా చేతికి రాకముందే మామయ్య ఇంటికొచ్చాడు. "పాపా, బాగా చదువుతావు. ఒక్క శాతంలో ఏం కొట్టుకుంటావు? ఒంగోల్లో మనకు తెలిసిన లాయరున్నాడు. శుద్ధి చేయించి, మళ్లీ హిందువయ్యావని కాగితం తెస్తే ఎస్సీ ఇస్తారంట. లోపల నీ దేవుడు నీకుంటాడు. నేనుండట్లా?" 2015లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చిందట. పూర్వీకులది ఆ కులమేనని, తిరిగి ఆ మతంలోకి వచ్చామని, ఆ కులంవాళ్లు మనల్ని కలుపుకున్నారని, ఈ మూడూ రుజువు చేస్తే చాలునట. కులంవాళ్లు కలుపుకోవడమంటే ఏముంది, మేం విడిపోతే కదా! అమ్మ ఏమీ అనలేదు. తమ్ముడు మాత్రం "అక్కా, అది సంతకమే" అన్నాడు. నాన్న లేచి బయటికి పోయాడు.

నాకు కోపం రాలేదు. మామయ్య లాంటి వాళ్లను అబద్ధాలకోరులని అనేవాళ్లంటే నాకు మంట. ఊళ్లో ఆయన్ని పిలిచిన పిలుపులు, హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు, ఇవేవీ ఆయన ఏ పాట పాడతాడో అడిగి జరగలేదు. చట్టం కులాన్ని మతానికి ముడేసింది. ఆయన ఆ ముడి కింద నుంచి దూరి బయటపడ్డాడు. నేను దూరగలనా అన్నదే నా ప్రశ్న.

నాలుగు రోజులు పేపర్లు, తీర్పులు తిరగేశాను. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ముందుకు పుదుచ్చేరికి చెందిన ఒకామె కేసు వచ్చింది. పసితనంలోనే బాప్తిస్మం అయింది, అప్పర్ డివిజన్ క్లర్క్ ఉద్యోగానికి ఎస్సీ సర్టిఫికెట్ అడిగింది, చర్చికి వెళ్తూ హిందువునంటోందని తేల్చి కోర్టు కాదంది. నమ్మకం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం మతం మారానంటే అది రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. ఆమె ఫొటో ఎక్కడా లేదు గానీ నా మొహమే కనపడింది. నేను డీఎస్సీకి అప్లై చేసే రోజుల్లోనే, 2025లో, మన హైకోర్టు ఇంకో మాట చెప్పింది: క్రైస్తవంలోకి మారిన ఎస్సీ వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదని. అది ఒక పాస్టర్ పెట్టిన కేసు. మా చర్చిలో ఆ ఆదివారం ప్రసంగం ఏం చెప్పారో ఎవరికీ గుర్తులేదు, అందరూ గుసగుసగా ఇదే మాట్లాడుకున్నారు. 2023 మార్చిలో దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని మన అసెంబ్లీ తీర్మానం చేసింది. ఈ విషయం తేల్చడానికే కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. తీర్మానం, కమిషన్ ఎక్కడున్నా, నా అప్లికేషన్‌కు చివరి తేదీ మే 15.

ఈ గొడవంతా నాయనమ్మకు చెప్తే ఆమె వెల్లంపల్లి కథ ఎత్తుకుంది. చిన్నప్పుడు వినీ వినీ విసిగిపోయిన కథ. 1876 నుంచి 78 దాకా కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకు కూలి ఇప్పించాడు. వేలమంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. కూటి కోసం కలిశారని లోకం అంటుందని ఆయన కరువు పోయేదాకా ఆపాడు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఇద్దరిద్దరు బోధకులు వంతులవారీగా నీళ్లలో దిగి ఇచ్చారు. వాళ్లూ తెలుగువాళ్లే. ఆ మునిగినవాళ్లలో నాయనమ్మకు ముత్తాత ఒకడట. (మా చుట్టుపక్కల ఏ ఇంట్లో అడిగినా ఒక ముత్తాత ఉంటాడు. అందర్నీ కూడితే 2,222 ఎప్పుడో దాటిపోతుంది.)

ఈసారి మాత్రం కథ చెవికి వేరేగా తగిలింది. అప్పుడు అన్నం కోసం చేరలేదని ఆకలితో ఉన్నవాళ్లు ఆగి నిరూపించుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం కోసం మారడం లేదని వాళ్ల మునిమనవలు నిరూపించుకోవాలి. మా మనసులో ఏముందో తేల్చే పని ఎప్పుడూ ఇంకెవరిదో. పై కులంవాడు దేవుణ్ని నమ్ముతున్నాడా లేదా అని ఏ సర్టిఫికెట్‌కూ విచారణ జరగదు.

అప్పుడే నాకొకటి తేలింది. నాకు నమ్మకం ఎంత ఉందో నాకే తెలియదు. అందుకే దాని మీద ఎవరి ముందూ సంతకం పెట్టి వదులుకోలేను. పూర్తిగా పోయిందని తేలితే అది నేనూ దేవుడూ తేల్చుకుంటాం, తాసిల్దారు ఆఫీసు కాదు. మామయ్యకు ఫోన్ చేసి వద్దని చెప్పాను. "నీ ఇష్టం. మీ తాత పోలికే" అన్నాడు. కొంతకాలం మా ఇంటికి రాలేదు.

పరీక్ష సంగతి క్లుప్తంగా చెప్తాను. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు. స్కూల్ అసిస్టెంట్ బయాలజీకి రాశాను. టెట్‌కు 20 శాతం వెయిటేజీ, డీఎస్సీకి 80. మా మేనత్త వెళ్లే ఇండిపెండెంట్ చర్చిలో హాల్‌టికెట్లన్నీ పుల్పిట్ మీద పెట్టించి నూనె చల్లి ప్రార్థన చేశారు. నా దాని మీద ఫొటో దగ్గర మరక పడింది, సెంటర్లో హాల్‌టికెట్లు చూసే మేడమ్ రెండుసార్లు ఎగాదిగా చూసింది. పేపరు బాగానే రాశాను. ఉద్యోగం రాలేదు. సెలెక్షన్ లిస్టులో నాకంటే కాస్త తక్కువ మార్కులున్న స్నేహితురాలి పేరు చూశాను. నాతో కలిసి సండే స్కూల్‌లో వాక్యాలు కంఠస్థం చేసిన పిల్ల. ఆమె వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదని చెబితే అబద్ధమవుతుంది, కానీ ఆమె మీద కాదు. ఆమెకు రావాల్సిన ఉద్యోగమే అది. నాకూ రావాల్సింది.

ఆ తర్వాత చర్చికి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాను. ఉద్యోగం రాకపోతే దేవుడి మీద అలగాలి, నాకు తిరగబడింది. ఇన్ని కాగితాల్లో క్రిస్టియన్నని రాసి, దానికి మూల్యం కట్టి, ఇంట్లో కూర్చోవడం నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. డబ్బు కట్టిన సినిమా కాబట్టి చివరిదాకా చూద్దామన్నట్టు వెళ్లానని తమ్ముడి వెక్కిరింత. అందులో కొంత నిజముంది. అయితే కీర్తనలు పాడుతుంటే మునుపటిలా మనసు పక్కకి పోవడం లేదు. సాక్ష్యాల టైములో ఉద్యోగం వచ్చినవాళ్లే లేస్తారు. రానివాళ్లు లేస్తే ఏం చెప్తారో వినాలని నాకుంది. నేనైతే ఇంకా లేవలేదు. ఇప్పుడు ఒంగోల్లో ఒక ప్రైవేటు స్కూల్లో బయాలజీ చెప్తున్నాను, జీతం బస్సు చార్జీలకు పోను కొంచెం మిగులుతుంది.

మొన్న ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి మంచివాడే, మావాళ్లే, కావలివైపు. వాళ్ల నాన్న చర్చిలో సంఘపెద్ద. అబ్బాయి ఎస్సీ సర్టిఫికెట్ మీద గ్రూప్స్‌కు చదువుతున్నాడు. కాబట్టి వాళ్ల షరతు ఒకటి: పెళ్లి మందిరంలో వద్దు. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తారు, రిజిస్ట్రేషన్ హిందూ వివాహ చట్టం కింద. చర్చి రిజిస్టర్‌లో సంతకం పెడితే రేపు ఎవడైనా తీసి చూపిస్తే అతని ఉద్యోగం పోతుంది. వాళ్ల భయం నాకు అర్థమైంది. మామయ్యను అర్థం చేసుకున్నదాన్ని, ఇతన్ని ఎందుకు చేసుకోను?

అతనితో ఫోన్లో మాట్లాడాను. "మీ సర్టిఫికెట్ మీది, నేనేమీ అనను. నా పేరు మాత్రం చర్చి రిజిస్టర్‌లో ఉండాలి. పక్కన మీ పేరు లేకుండా అది కుదరదు కదా, ఎట్లా?" అన్నాను. కాసేపు ఆగి, ఆలోచించుకుని చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు. అమ్మ మాత్రం రాత్రి ప్రార్థనలో అతని పేరు కూడా చేర్చింది, పక్కగదిలో నాకు వినపడేంత గట్టిగా.