పాప తలలో రూపాయి బిళ్లంత మచ్చ

స్కూలుకి జడలు వేస్తుంటే కనబడింది. ఆరేళ్ల మా పాపకి కుడి చెవి పైన రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడిపోయి ఉంది. మా అత్తమ్మ చూసి, "పేను కొరికినట్టుండాదమ్మా, గురివింద గింజ అరగదీసి పూద్దాం" అన్నారు. నాకూ అదే అనిపించింది. రెండు రోజులు పూశాం. మంట అని పాప ఏడిస్తే ఆపేశాం.

తర్వాత మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన నాలుగు రోజులకే దురద తగ్గింది, హమ్మయ్య అనుకున్నా. రెండో వారానికి మచ్చ పెద్దదైంది, వెనకాల ఇంకొకటి లేచింది. మెడ వెనక తడిమితే శనగ గింజంత గడ్డ చేతికి తగిలింది. అప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది.

తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రికి, చర్మం ఓపీకి తీసుకెళ్లాను. డాక్టరమ్మ పాయలు విడదీసి, లైటు వేసి నాకే చూపించారు. "పేనుకొరుకుడైతే ఇక్కడ నున్నగా ఉంటుందమ్మా. ఇది చూడండి, పొట్టు రాలుతోంది. వెంట్రుకలు మొదట్లోనే తెగి నల్ల చుక్కల్లా కనిపిస్తున్నాయి. ఇది తామర." తామర తలకీ వస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. బ్లేడుతో పొట్టు మెల్లగా గీకి, తెగిన వెంట్రుకలు రెండు పీకి, గాజు పలక మీద పెట్టి పరీక్షకి పంపారు. ఫంగస్ అనే తేలింది.

నా దగ్గరున్న ట్యూబు చూపించాను. అందులో స్టిరాయిడ్ ఉంది. అది దురదను అణిచిపెడుతుంది, ఆ చాటున ఫంగస్ పాకుతూనే ఉంటుంది. అసలు ఏ పైపూతా దీనికి చాలదట. ఫంగస్ కుదుళ్లలోకి, వెంట్రుక లోపలికి దిగిపోతుంది కాబట్టి కడుపులోకి మందు పడాల్సిందే. పాప బరువు చూసి గ్రిసియోఫుల్విన్ రాశారు. కనీసం ఆరు వారాలు, అదీ అన్నం తిన్నాక మీగడ పాలతో. కొవ్వు ఉంటేనే ఈ మందు ఒంట్లోకి బాగా ఇంకుతుంది. వారానికి రెండుసార్లు కీటోకోనజోల్ షాంపూ. మా చిన్నాడి తల కూడా చూశారు, వాడికి ఏమీ లేదు.

"కొండకి తీసుకెళ్లి కళ్యాణకట్టలో గుండు కొట్టిస్తే పోదా?" అని అత్తమ్మ అడిగారు. కుదుళ్లలో ఉన్నది గుండుతో పోదని, మొక్కు ఉంటే తగ్గాక తీర్చుకోమని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పారు. మందు మొదలుపెట్టాక స్కూలుకి పంపొచ్చన్నారు. పాప దువ్వెనకి ఎర్ర దారం కట్టి వేరుగా పెట్టాను. రిబ్బన్లు, దిండు గలీబులు వేడి నీళ్లలో ఉతికాను.

మూడో వారానికి పొట్టు పోయింది. ఇక చాల్లే అని ఇంట్లో అందరూ అన్నారు, నేను ఆపలేదు. మా బంధువుల బాబుకి ఇలాంటి మచ్చే మెత్తగా వాచి చీము పడితే, సెగగడ్డ అనుకుని పిండారు. ఆ చోట జుట్టు మళ్లీ మొలవలేదు. ఆ పిల్లాడి తల నా కళ్ల ముందే ఉండేది.

ఎనిమిది వారాలకి మళ్లీ పరీక్ష చేసి, ఫంగస్ లేదని మందు ఆపేశారు. ఇప్పుడు ఆ చోట నిమిరితే కొత్త వెంట్రుకలు గరుగ్గా వేలికి తగులుతున్నాయి. అత్తమ్మ మొక్కు మిగిలింది. సంక్రాంతి సెలవుల్లో కొండకి వెళ్తున్నాం.