మా సైకిల్ గ్రూప్ పేరు మార్చాల్సిందే

నిన్న అలిపిరి దగ్గర టీ తాగుతూ మా సైకిల్ గ్రూప్ పేరు మార్చాలా వద్దా అని గట్టిగానే వాదించుకున్నాం. ఇప్పుడున్న పేరులో 'రైడర్స్' అని ఉంది. లీలామహల్ సర్కిల్లో క్యారియర్‌కి రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని, వెనక బస్సు హారన్ కొడితే రోడ్డంచుకు ఒరిగిపోయే పెద్దాయన ఆ పేరు చూసి వీళ్లు మనవాళ్లే అనుకుంటాడా? రోడ్డు మీద సైకిళ్లకు వేరే దారి కావాలని మనం అడిగేది ముందు ఆయన కోసమే కదా!

పాతవాళ్లకు ఆ పేరంటే ప్రాణం. నాకూ అంతే. కానీ 1878లో బ్రిటన్‌లో బైసికిల్ టూరింగ్ క్లబ్‌గా పుట్టిన సంస్థ, మూడు చక్రాల సైకిళ్లు తొక్కేవాళ్లనూ కలుపుకోవడానికి 1883లోనే పేరు మార్చుకుంది. 2016లో మళ్లీ మార్చి సైక్లింగ్ యూకే అయింది. పని మాత్రం ఆగలేదు.

జెర్సీలు మళ్లీ కుట్టించాలి, ఖర్చే. అయినా ఆదివారం మీటింగ్‌లో నా ఓటు మార్పుకే.