గీత ఇంకా పాకతానే ఉంది

కలంకారీ బొమ్మకని తెచ్చిన కొత్త గుడ్డ కూడా పోయింది. నెమలి ముక్కు దగ్గర 1 మి.మీ. గీత పెడితే, కలం ఎత్తే లోపల 4 మి.మీ. అయి కూచుంది. మెడ మీది రెండు గీతలూ కలిసిపోయాయి. మా ఆయన వచ్చి చూసి, "గిన్నెకోడి బాగుంది" అనేసి ఆఫీసుకు పోయినాడు.

మిగతావన్నీ కుదిరాయి. చింతపుల్ల బొగ్గు చక్కగా నడుస్తోంది, కలానికి చుట్టిన ఉన్ని జారడం లేదు. కసిమి, అంటే ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి చేసే నల్లరంగు, ఈసారి కాటుక నలుపు. చిత్తూరు నల్లబెల్లం పావుకిలో, తాటిబెల్లం చిన్న ముక్క, తుప్పు మేకులు కిలో, నీళ్ళు మూడు లీటర్లు. తళతళలాడే బెల్లం మాత్రం నేను కొనను, దాన్ని తెల్లబరచడానికి ఏమేమి కలుపుతారో ఎవరికెరుక. సీసాలో దొరికే రెడీమేడ్ నలుపు వాడేవాళ్ళతో నాకు గొడవ లేదు గానీ, ఆ గుడ్డను శ్రీకాళహస్తి కలంకారీ అని నాతో అనొద్దు.

కసిమి కుండ బతికి బయటపడటమే పెద్ద సంగతి. మా ఇంట్లోనే ఉండి వంటా వార్పూ చూసే అవ్వది పాకాల పక్క. మిద్దె మీద మూత కట్టిన కుండలో మేకులూ బెల్లమూ కనిపించేసరికి ఆమెకు ఇంకో అనుమానమే రాలేదు. నేను బ్యాంకులో ఉండగా అత్తమ్మను పిలిచి చూపించింది. ఇద్దరూ కలిసి కుండ చుట్టూ పసుపు నీళ్ళు చల్లి, మూత మీద నిమ్మకాయ పెట్టినారు. నేను వచ్చేసరికి నిమ్మకాయ కుండలోకి పోలేదు, అదే అదృష్టం. "ఎవురో చేసినారు అమ్మణ్ణీ, మేకులు చూస్తివా?" అంది. నేనే చేసినాను అవ్వా అంటే నన్ను ఇంకోరకంగా చూసింది. గాడా (ముతక నూలు) గుడ్డ కోసం కాళాస్తికి బయల్దేరుతుంటే చేతిలో డబ్బు పెట్టి, "అట్లే రాహుకేతు పూజ కూడా చేయించుకో" అంది.

ఇంక గీత పాకే సంగతి. ఒకే గుడ్డలోంచి 10 సెం.మీ. చదరాలు కత్తిరించి, ఒక్కోదాంట్లో ఒక్కటే మార్చి చూశాను. మొదటి అనుమానం కసిమి మీద. పలుచనైతే పాకుతుందని సన్నసెగ మీద సగానికి మరిగిస్తే 4 కాస్తా 3.5 అయింది, అంతే. పైగా కసిమిలో ఇనుము మరీ ఎక్కువైతే కొన్నాళ్ళకు గుడ్డే చివికిపోతుంది. తర్వాత కలం. నొక్కకుండా గీసినా అంతే. తడి అనుకుని రెండు పూటలు ఎండలో ఆరేసి గీస్తే 3.8. ఎటు తిప్పినా, గీసే ముందు గుడ్డకు పెట్టే కరక్కాయ-పాల పూత దగ్గరికే వచ్చి ఆగింది. గీత నల్లబడింది కాబట్టి కరక్కాయ వగరు గుడ్డలో ఉన్నట్టే, లేకుంటే తుప్పు పసుపు తేలేది. గీతను ఆపాల్సింది పాలలోని కొవ్వు. మీటరు గుడ్డకు నా కొలత కరక్కాయ పొడి 50 గ్రాములు, గేదె పాలు అర లీటరు, నీళ్ళు అర లీటరు. అర లీటరు గేదె పాలలో ఎంత లేదన్నా 30 గ్రాముల కొవ్వు ఉండాలి.

ఆ 30 గ్రాములు మా వంటింటి నెయ్యి జాడీలో ఉన్నాయి. గుడ్డకని నేను విడిగా పోయించుకుంటున్న పాలను అవ్వ రోజూ కాచి, చల్లార్చి, మీగడ తీసి, తగ్గిన మేరకు నీళ్ళు పోసి, నా గిన్నెలో పెడుతోంది. అడిగితే, "గుడ్డకు మీగడ యాడన్నా పెడతారా? పిలగోడు ఒట్టి అన్నం తింటా ఉండాడు" అంది. అత్తమ్మ కల్పించుకుని, ఈ నెల నెయ్యి కొనలేదు గదా, మంచిదేలే అంది. మావాడు ఆ పూట నెయ్యి ఇంకో గరిటె వేయించుకున్నాడు. ఇంట్లో నా పక్షాన ఒక్కరూ లేరు.

పాలు పితికిన చోటే నిలబడి తెచ్చుకుని, కాచకుండా కలిపి పూస్తే గీత 1.5 మి.మీ. దగ్గర ఆగింది! ముక్కు ముక్కులా ఉంది. కానీ ఆ అర మిల్లీమీటరు ఎక్కడిది? కళ్ళు గీయాలంటే అదే ప్రాణం తీస్తుంది. నా లెక్క ప్రకారం గంజి. ఉతికి ఆరేసిన గాడా గుడ్డ ముడతలు పడి ఉందని అవ్వ గంజి పెట్టి, ఇస్త్రీ కూడా చేయించింది. ఆ గంజి పొర వల్ల పూత నూలు లోపలికి ఇంకక పైపైన నిలిచిపోయిందేమో. అదే పాలు, అదే కరక్కాయ పెట్టి, ఒక ముక్కకు వేడినీళ్ళలో గంజి వదిలించి, ఇంకోదాన్ని అట్లే ఉంచి పక్కపక్కన గీస్తే తేలిపోతుంది. ప్యాకెట్ పాలలో 6 శాతం కొవ్వు ఉండే రకంతోనూ ఒక ముక్క పూస్తాను. రోజూ ఒకే కొలత ఉంటుంది, అవ్వ చేతిలో పడకుండా నేరుగా కత్తిరించి పోసుకోవచ్చు. రంగుకు మాత్రం గేదె పాలే మేలని నా నమ్మకం.

ఆ తర్వాత ఎరుపు. పటిక పెట్టిన చోట ఎరుపెక్కడానికి చెవలికొడి అనే రంగు వేరుతో ఉడికించాలి. అంతకు ముందే పటిక మిగులు పారే నీళ్ళలో పోవాలి. స్వర్ణముఖిలో నీళ్ళుంటే గుడ్డ పట్టుకుని కాళాస్తికి పోవడమే, లేదంటే మిద్దె మీద పైపు పట్టాల్సిందే, మా బోరు నీళ్ళేమో ఉప్పన. గుడ్డ తెలుపెక్కడానికి పేడనీళ్ళలో నానేసి ఎండబెట్టాలని చెప్పాను. మొత్తం పనిలో అవ్వకు నచ్చింది ఇదొక్కటే. పొద్దున్నే ఎదురింటి ఆవు పేడ రెండు తట్టలు మిద్దెకెక్కించేసింది. నాకు కావాల్సింది రెండు గుప్పిళ్ళు. మిగిలింది పిడకలు కొడతానంటోంది, అదీ నేను గుడ్డలు ఆరేసే గోడకే.